ఆలస్యంగా పడ్డ నిప్పురవ్వ

నేను కుర్చీ లాక్కుని కూర్చోకముందే మెకానిక్ నేరం ఒప్పేసుకున్నాడు.

"నేనే చేశాను మేడమ్. ఇంజను టైమింగ్ బాగా ముందుకి పెట్టేశాను. స్పీడు మీద ఆశ. రాసుకోండి."

కాలిన బండ్లు ఎందుకు కాలాయో తేల్చే నా వృత్తిలో ఎన్నో రకాల అబద్ధాలు విన్నాను. అడగకముందే వచ్చి ఒళ్లో పడేవి వాటిలో అన్నిటికన్నా నాసిరకం. పోలీసు స్టేషన్ వెనక గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు, తిరగడం మానేసిన ఫ్యాను ఉన్నాయి. గుమ్మం దగ్గర ఇన్‌స్పెక్టర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సాయంత్రంలోగా ఇతన్ని అరెస్టు చూపించి ఇంటికి వెళ్లిపోవాలని ఆయన తొందర.

జరిగింది ఇది. నిన్న పొద్దున రేసు ట్రాక్ మీద ట్రయల్ పరుగు తీస్తున్న ఎర్ర కారు ఉన్నట్టుండి వేడెక్కి, ఇంజను దగ్గర మంటలంటుకుంది. నడుపుతున్నవాడు ఈ మెకానిక్ చెల్లెలి భర్త. తలుపు తీసుకుని బయటపడేలోగా రెండు చేతులూ కాలిపోయాయి. ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంజను పని మొత్తం చూసేది ఈ మెకానిక్కే కాబట్టి అందరి వేళ్లూ ఇతని వైపే చూపించాయి.

నన్ను పిలిచింది పోలీసులు కాదు, ఆ చెల్లెలు. ఆసుపత్రి వరండాలో నిలబడి, కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయి, ఒకే ఒక్క మాట అడిగింది.

"అన్నయ్య నిజంగా టైమింగ్ ముందుకి పెట్టాడా? అదొక్కటి తేల్చండి. పెట్టి ఉంటే ఇక ఆ గడప తొక్కను. మా పిల్లలకి మేనమామ లేడనుకుంటాను."

సరేనన్నాను. ఒక ఇంజను సంగతి తేల్చడం నాకు పెద్ద పని కాదు. దానికి ఒక కుటుంబం వేలాడుతూ ఉండటమే నాకు నచ్చలేదు.

"ఎంత ముందుకి పెట్టావు?" అని మెకానిక్‌ని అడిగాను.

"పది డిగ్రీలు."

"ఎప్పుడు?"

"మొన్న సాయంత్రం. షెడ్డులో."

"అంత ముందుకి పెడితే ఇంజను టకటకలాడుతుంది. వినబడలేదా?"

"వినబడింది."

"విని కూడా బావని అందులో కూర్చోబెట్టావా?"

అతను బల్ల అంచు పట్టుకున్నాడు. గోళ్ల సందుల్లో నల్లటి గ్రీజు ఉంది.

"పోనీ, నిన్న పొద్దున ట్రాక్ మీదికి పంపేముందు అంతా సరిగ్గా ఉందో లేదో టైమింగ్ లైటు పెట్టి చూశావా?"

"చూడలేదు." అప్పటిదాకా పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడిన గొంతు అక్కడ తెగింది. "అదొక్కటీ చూడలేదు మేడమ్. చూసి ఉంటే..."

ముఖం పక్కకి తిప్పుకున్నాడు. ఇన్‌స్పెక్టర్‌కి అది పశ్చాత్తాపంలా కనబడి ఉంటుంది. నాకు మాత్రం లెక్క కుదరలేదు. తనే కావాలని పది డిగ్రీలు ముందుకి జరిపినవాడికి ఎక్కడుందో చూడవలసిన అవసరమేమిటి? చూడనందుకు ఏడ్చేవాడు సరిగ్గానే పెట్టాననుకున్నవాడు. అంటే ఇతను సరిగ్గానే పెట్టాడు. ఆ తర్వాత ఎవరో తిప్పారు.

"నేను కారు చూడాలి," అన్నాను లేస్తూ.

"చూసేదేముంది మేడమ్," అన్నాడు మెకానిక్ గబుక్కున. "నేనే చెబుతున్నాగా."

అందుకే చూడాలనిపించింది.

* * *

షెడ్డు తలుపుకి వేసిన సీలు ఇన్‌స్పెక్టరే తీశాడు. లోపల నాకంటే ముందే ఒకాయన కారు బానెట్ మీదికి వంగి ఉన్నాడు. వీపు చూసే గుర్తుపట్టాను. పక్క కిటికీలోంచి కానిస్టేబుల్‌ని బతిమాలి దూరి ఉంటాడు.

ఆయన ఇన్సూరెన్స్ కంపెనీ ఇంజనీరు. ఒకప్పుడు మేమిద్దరం ఒకే ఆఫీసులో ఎదురెదురు బల్లల దగ్గర పనిచేశాం. అక్కడ ఆయనకి, ఇంజనుని చల్లబరిచే ద్రవం పేరు మీద, కూలెంట్ అని పేరు. ఏ ఇంజను కాలినా ముందు రేడియేటర్ మూత తీసి "కూలెంట్ తక్కువ" అని రాసేవాడని కొందరు, నెత్తిన పిడుగు పడ్డా చొక్కా నలగదని కొందరు ఆ పేరుకి కారణం చెప్పేవారు. రెండూ నిజమే. తెలివైనవాడు. తన తెలివి మీద తనకున్న గౌరవం ఇంకా పెద్దది.

"వచ్చావా? ఎందుకు శ్రమ. నేను అంతా చూసేశాను," అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

"మీరు చూసేశారని తెలిసే వచ్చానండీ."

ఇన్‌స్పెక్టర్ నవ్వు ఆపుకున్నాడు.

"ఇదిగో, కళ్లతో చూసుకో." కూలెంట్ టార్చి వేశాడు. ఇంజను పక్కన, గిన్నె బోర్లించినట్టు, డిస్ట్రిబ్యూటర్ ఉంది. ఏ సిలిండర్‌కి ఎప్పుడు నిప్పురవ్వ పంపాలో చూసేది అదే. కింద ఒక బోల్టు వదులు చేసి దాన్ని ఇటు తిప్పితే రవ్వ ముందు పడుతుంది, అటు తిప్పితే వెనక పడుతుంది. "ఇంజను ముందుండే పుల్లీ చక్రం మీది గుర్తుని బట్టి కొలిచాను. ఉండాల్సినదానికంటే పది డిగ్రీలు ముందుంది. మెకానిక్ కూడా అదే ఒప్పుకున్నాడటగా. ఇంకేం కావాలి నీకు?"

"ప్లగ్‌లు తీసి చూశారా?"

"గుర్తే చెబుతుంటే ప్లగ్‌లతో పనేముంది?"

"అయితే అంతా చూడలేదన్నమాట."

సంచీలోంచి స్పానర్ తీశాను. ఒక్కొక్క ప్లగ్గూ విప్పి తెల్లగుడ్డ మీద వరుసగా పెడుతుంటే ఇన్‌స్పెక్టర్ దగ్గరికొచ్చాడు. ఆయనకి ఇంజను గురించి తెలిసింది పెట్రోలు పోయించుకోవడం వరకే. అందుకని ఆయనకి చెబుతున్నట్టుగా కూలెంట్‌కి చెప్పాను.

"చూడండి సార్. సిలిండర్‌లో పిస్టన్ పైకి వస్తూ పెట్రోలు కలిసిన గాలిని నొక్కుతుంది. అప్పుడు ఈ ప్లగ్ నిప్పురవ్వ విసురుతుంది. అది పడాల్సిన క్షణం ఒకటుంది. మరీ ముందే పడితే, ఇంకా పైకొస్తున్న పిస్టన్ నెత్తి మీద మంట మొట్టికాయలు వేస్తుంది. ఆ చప్పుడే టకటక. అలా నడిపితే పిస్టన్ నెత్తిన గుంటలు పడతాయి. దాని అల్యూమినియం కరిగి, ప్లగ్ తెల్లపింగాణీ మీద మెరిసే చుక్కలుగా అతుక్కుంటుంది."

"ఆలస్యంగా పడితే?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మొట్టికాయలుండవు, సత్తువా ఉండదు. పిస్టన్ కిందికి దిగిపోతున్నా పెట్రోలు ఇంకా మండుతూనే ఉంటుంది. పొగ పోవాల్సిన వాల్వు తెరుచుకునేసరికి మంట మంటగానే బయటికి పోతుంది. అలా పోతూ దారిలో ఉన్న ప్రతిదాన్నీ కాలుస్తుంది. ముందైనా వెనకైనా ఇంజను వేడెక్కుతుంది సార్, రేడియేటర్ మరుగుతుంది. కాలే చోటు మాత్రం వేరు."

ఆరు ప్లగ్‌లూ గుడ్డ మీదున్నాయి. పింగాణీ శుభ్రంగా ఉంది. ఒక్క దాని మీదా మెరిసే చుక్క లేదు. ప్లగ్ రంధ్రాల్లోంచి సన్న కెమెరా దింపాను. ఆరు పిస్టన్ల నెత్తీ నున్నగా ఉంది. వాల్వుల అంచులు మాత్రం ఎలుక కొరికినట్టున్నాయి, అదీ పొగ బయటికి పోయే వైపువే.

తర్వాత ఇంజను అవతలి పక్కకి వెళ్లాం. పొగ గొట్టాలన్నీ కలిసే ఇనప మానిఫోల్డ్ నీలంగా, ఊదాగా కమిలిపోయి పొరలు లేచింది. దాని ముందుండే రేకు మాడి ముడుచుకుపోయింది. పక్కనుంచి పోయే పెట్రోలు గొట్టం సరిగ్గా అక్కడే కరిగి తెగింది. మంట పుట్టిన చోటు అదే. పసిపిల్లకైనా అర్థమవుతుంది.

"టైమింగ్ ముందుకి ఉన్న ఇంజను ఇక్కడ కాలదండీ," అన్నాను. "ఇది ఆలస్యం. పచ్చి ఆలస్యం. ఇన్‌స్పెక్టర్‌గారూ, డ్రైవరు రేడియోలో ఆఖరున ఏమన్నాడో ఒకసారి చెబుతారా?"

"'బండి లాగట్లేదు, వేడి చూపించే ముల్లు ఎర్రలో ఉంది' అన్నాడు."

"మన పెద్దమనిషి రెండో ముక్క మాత్రమే రిపోర్టులో రాశారు. మొదటిది వదిలేశారు. ముందుకి పెట్టిన బండి చప్పుడు చేస్తుంది. లాగనిది ఆలస్యమైన బండి. లాగకపోయేసరికి అతను ఇంకా తొక్కాడు. తొక్కినకొద్దీ పెట్రోలు, పెట్రోలు కొద్దీ మంట. ఊళ్లో తిరిగే బండి అయితే ఉస్సురుమంటూ ఇల్లు చేరేది. ట్రాక్ మీద పూర్తిగా తొక్కిపట్టి నడిపే బండి ఆ వేడికి తట్టుకోలేదు."

కూలెంట్ ముఖంలో రంగు మారలేదు. "బాగుంది. కానీ డిస్ట్రిబ్యూటర్ ముందుకే ఉంది. కళ్లెదురుగా ఉన్నదాన్ని ఏం చేస్తావు?"

"ఇప్పుడు ముందుకి ఉంది. మంట రేగినప్పుడు ఉందా?"

టార్చి ఆయన చేతిలోంచి తీసుకుని పక్కవాటంగా వేశాను. ఇంజను మీద అంతటా నల్లటి మసి, దాని మీద మంటలార్పడానికి కొట్టిన పొడి పిండి చల్లినట్టు పరుచుకుని ఉంది. డిస్ట్రిబ్యూటర్ బోల్టు చుట్టూ మాత్రం ఆ పొడి పెచ్చులుగా రాలింది. బోల్టు అంచులు కొత్తగా మెరుస్తున్నాయి. మసి పట్టాక, పొడి పడ్డాక, ఎవరో స్పానర్ వేశారు.

డిస్ట్రిబ్యూటర్ ఒంటికి ఒక పక్క చిన్న గుండ్రటి డబ్బా పొడుచుకుని ఉంటుంది. దాని వెనక ఉన్న ఇనుముకి మసి తగలదు. ఇప్పుడు ఆ డబ్బా ఉన్న చోట వెనక అంతా మసే. కాస్త అవతల, వెనక్కి తిప్పే వైపు, డబ్బా ఆకారంలోనే ఒక శుభ్రమైన మచ్చ ఉంది. మంట రేగినప్పుడు డబ్బా ఉన్నది అక్కడ.

కూలెంట్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకుని ఆ మచ్చనీ డబ్బానీ మార్చి మార్చి చూశాడు. కొలిచాడు. ఇంకోసారి కొలిచాడు. ఆయన మీద నాకు ఎంత చిరాకున్నా ఒక్కటి ఒప్పుకోవాలి, కొలతతో ఎప్పుడూ పోట్లాడడు.

"సరే. ఆలస్యమే," అన్నాడు. "బాగా వెనక్కి ఉంది."

నేను గెలిచాననుకున్నాను. ఆ సంతోషం ఆయన నోరు మళ్లీ తెరిచేదాకానే.

"దీంతో నీ మెకానిక్ ఒడ్డున పడ్డాడనుకుంటున్నావా? పిచ్చిదానా, వాణ్ని ఇంకా లోతుకి నెట్టావు. నా రిపోర్టు ప్రకారం వాడు ఆశపోతు, అంతే. స్పీడు కోసం హద్దు దాటాడు, అజాగ్రత్త. నీ లెక్క ప్రకారం? రేసు బండికి టైమింగ్ వెనక్కి తిప్పితే స్పీడు పెరగదు, చావు పెరుగుతుంది. పొరపాటున ఎవడూ అంత వెనక్కి తిప్పడు. కావాలనే తిప్పాలి. ఆ తర్వాత దొరక్కుండా ముందుకి తిప్పి పెట్టాడు."

"కారు షెడ్డుకి తెచ్చాక నేను సీలు వేసేవరకూ దాని దగ్గరున్నది అతనొక్కడే," అన్నాడు ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా. "ఎవర్నీ రానివ్వలేదట. తనొక్కణ్ణే వదిలేయమన్నాడట. మేడమ్, అయితే ఇది అజాగ్రత్త కేసు కాదు. హత్యాయత్నం."

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకి జవాబు దొరికింది. అన్నయ్య ముందుకి పెట్టలేదు. ఈ జవాబుతో ఆమె అన్నయ్య పదేళ్లు జైలుకి పోతాడు. నా తెలివికి నాకే ఒళ్లు మండింది.

* * *

స్టేషన్ వెనక గదిలోకి ఈసారి ముగ్గురం వెళ్లాం. నేను మెకానిక్ ఎదురుగా కూర్చుని ప్లగ్‌ల గురించి, నీలం తిరిగిన మానిఫోల్డ్ గురించి, మసి పట్టని మచ్చ గురించి చెప్పాను. మాట మాటకీ అతని ముఖం పాలిపోయింది. చివరికి తల దించుకున్నాడు.

"మంట ఆరాక డిస్ట్రిబ్యూటర్ ముందుకి తిప్పింది నువ్వే. అవునా?"

"అవును."

"ఎందుకు?"

"వెనక్కి పెట్టిందీ నేనే కాబట్టి. దొరికిపోతానని."

"ఇందాక ముందుకి పెట్టానన్నావు."

"ఇప్పుడు వెనక్కి అంటున్నాను. రాసుకోండి."

"బావని చంపాలని ఎందుకనిపించింది?"

"పడదు."

"ఏ విషయంలో పడదు?"

అతను నోరు తెరిచాడు. ఏమీ దొరకలేదు. పైకి ఫ్యాను వంక చూశాడు, అక్కడా దొరకలేదు. కూలెంట్ కూడా కుర్చీలో కదిలాడు. బావ ఆసుపత్రిలో ఉంటే రక్తం ఇవ్వడానికి మొదట చెయ్యి చాపినవాడు ఇతనే అని మా ముగ్గురికీ తెలుసు.

"తొందరలేదు, ఆలోచించుకుని చెప్పు," అన్నాను. "నిన్న మధ్యాహ్నం ఆ బానెట్ ఎత్తగానే డిస్ట్రిబ్యూటర్ వెనక్కి తిరిగి ఉండటం చూశావు. నువ్వు పెట్టింది అలా కాదు. ఎవరు తిప్పారో నీకు తెలిసిపోయింది. తెలిసే నేరం నీ మీద వేసుకోవడానికి ముందుకి తిప్పావు. అజాగ్రత్త అయితే చిన్న శిక్షతో పోతుందనుకున్నావు. ఎవరది?"

"ఎవరూ లేరు."

"హత్యాయత్నం అంటున్నారు ఇన్‌స్పెక్టర్‌గారు. అర్థమవుతోందా?"

"ఎవరూ లేరన్నాను కదండీ."

అప్పుడు తలుపు తట్టి చెల్లెలు లోపలికొచ్చింది. ఆసుపత్రి నుంచి సరాసరి వచ్చినట్టుంది, భుజానికి సంచీ, చెదిరిన జుట్టు. అన్న వైపు చూడకుండా నాకేసి చూసింది.

"ఆయన మాట్లాడారండీ. నీళ్లడిగారు. డాక్టరు భయం లేదన్నారు." ఊపిరి తీసుకుంది. "మీరు తేల్చారా? అన్నయ్య ముందుకి పెట్టాడా?"

మెకానిక్ నావైపు చూశాడు. ఆ చూపు చూశాక కూడా నాకు తట్టలేదు. అది నా తప్పే.

"లేదమ్మా. మీ అన్నయ్య ముందుకి పెట్టలేదు," అన్నాను.

ఆమె బల్ల చుట్టూ తిరిగి వెళ్లి అన్న భుజం మీద చెయ్యి వేసింది. "నన్ను క్షమించు అన్నయ్యా. నీ మీద ఎన్ని మాటలన్నానో," అని ఏడ్చేసింది. అతను ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "సరేలే, ఇంటికి వెళ్లిపో. బావ దగ్గర ఎవరున్నారు? వెళ్లు," అన్నాడు. గొంతులో తొందర ఉంది, బతిమాలుతున్నట్టుంది.

"వెళ్తాలే." ఆమె కళ్లు తుడుచుకుని మావైపు తిరిగింది. "మరి ఎందుకు కాలింది?"

"టైమింగ్ వెనక్కి తిప్పి ఉంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"వెనక్కా?" ఆమె ముఖంలో భయం లేదు. అర్థంకాని లెక్క చూసినట్టుంది. "అది కాదేమో సార్. వెనక్కి తిప్పితే బండికి శాంతం కదా."

కూలెంట్ తలెత్తాడు. "ఎవరన్నారమ్మా అలా?"

"మా నాన్న. ఆయనా మెకానిక్కే. మా చిన్నప్పుడు ఏ పాత బండైనా టకటకమంటూ షెడ్డుకొస్తే, దీనికి కోపమొచ్చింది అనేవారు. బోల్టు వదులు చేసి కాస్త వెనక్కి తిప్పేవారు. చప్పుడు ఆగేది. శాంతించింది చూడమ్మా అనేవారు. నాచేత కూడా తిప్పించేవారు." ఆమె కొంచెం సిగ్గుపడింది. "మీతో చెబితే నవ్వుతారని ఊరుకున్నాను. నిన్న పొద్దున మా ఆయనకి కాఫీ ఇవ్వడానికి వెళ్లినప్పుడు నేనే తిప్పానండీ. అన్నయ్య టైర్ల దగ్గరున్నాడు. వారం నుంచి బతిమాలుతున్నా, ఆ స్పీడు తగ్గించు, ఆయన అసలే దూకుడు మనిషి అని. నవ్వి ఊరుకున్నాడు. అందుకని నేనే తిప్పాను. తర్వాత అన్నయ్య మళ్లీ ముందుకి తిప్పేశాడేమోననే కదా మిమ్మల్ని పిలిచింది."

"ఎంత తిప్పారు?" అన్నాడు కూలెంట్. ఆయన గొంతు అంత మెత్తగా ఉండగా నేనెప్పుడూ వినలేదు.

ఆమె బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి తెచ్చి చూపించింది. "ఇంతే."

ఇన్‌స్పెక్టర్ చేతిలో పెన్ను ఉంది, మూత తీసి ఉంది, రాయడం లేదు.

"నెమ్మదిగా వెళ్తే ఆయన క్షేమంగా ఇంటికొస్తారని," అంది ఆమె మా ముఖాలు ఒక్కొక్కటే చూస్తూ. "నెమ్మదిగా వెళ్లే బండి వేడెక్కదు కదండీ?"

ఇందాక షెడ్డులో అంత ధాటిగా పాఠం చెప్పినదాన్ని, అందులో ఒక్క వాక్యం కూడా నా నోటికి రాలేదు. మెకానిక్ లేచి నిలబడ్డాడు.

"చెప్పకండి మేడమ్," అన్నాడు. "మీకు దణ్ణం పెడతాను, దానికి చెప్పకండి."

ఆమె అన్న ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత అతని భుజం మీద వేసిన చెయ్యి తీసేసింది, వేడి గిన్నె ముట్టుకున్నట్టు, ఆ చేతినే ఇంకో చేత్తో గట్టిగా పట్టుకుని కుర్చీలో కూర్చుండిపోయింది.